నేను సున్నా, మనం ఒకటి

శంషాబాద్‌లో జరిగిన అతి పెద్ద విమాన ప్రమాదం గురించి మీరు ఏ పేపర్లోనూ చదివి ఉండరు. దానికి కారణాలున్నాయి. అది జరిగేనాటికి అక్కడ విమానాశ్రయం లేదు, ద్రాక్షతోటలుండేవి. పైగా అందులో కూలినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫ్యాను కింద, కుర్చీలో కదలకుండా కూర్చుని అంత ఎత్తు నుంచి పడ్డవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు.

ఎలా పడ్డానో చెబుతాను. నవ్వండి, నవ్వడానికే చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నా గొంతు మారినట్టనిపిస్తే అది ద్రాక్షపళ్ళ పులుపనుకోండి.

ముందు మా వంశం గురించి నాలుగు మాటలు. అవి లేకపోతే తర్వాతి మూర్ఖత్వం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. మాది గడి ఉన్న ఇల్లు, గడి అంటే ఊరి దొరల కోట. 'ఉన్న' అనడం అలవాటు కొద్దీ, ఉండేది. గోడలు వానకు పోయాయి, భూములు చట్టానికి పోయాయి, వెండి సామాను మా పెదనాన్నగారి పేకాటకు పోయింది. టేకు తలుపుల జత ఒకటి నగరంలో ఒక పెద్ద హోటల్లో అలంకారంగా నిలబడి ఉందని తెలిసి ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మా ఇంటి తలుపును టోపీ పెట్టుకున్న నౌకరు నా కోసం తెరిచి పట్టుకున్నాడు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేశాను. అంతకు మించి తాగే స్తోమత నాకక్కడ లేదు.

పంపకాల్లో నా వాటాకు వచ్చింది నిటారు వెన్నెముక. దాన్ని తాకట్టు పెట్టుకునేవాళ్ళు దొరక్క మిగిలిపోయింది. దాంతోపాటు అగ్రతాంబూలం వచ్చింది. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా మొదటి తాంబూలం మా ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. ఊళ్ళు ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాయి, మేము మర్చిపోలేదు. ఎదుటివాళ్ళు ముందు నమస్కారం పెట్టాలి, మనం తల ఊపాలి. ఎదుటివాళ్ళు ముందు మాట కలపాలి, మనం 'ఊఁ' అనాలి. ఇలా పెరిగినవాడు సిటీ బస్సు ఎలా ఎక్కుతాడో ఊహించుకోండి. మైలార్‌దేవ్‌పల్లిలో నా కిరాయి గది నుంచి శంషాబాద్ వెళ్ళే బస్సుల్లో సగం, నేను హుందాగా పాదం ఎత్తేలోపే కదిలిపోయేవి.

అప్పట్లో నేను పనిచేసేది బెంగుళూరు రోడ్డు పక్కన, ద్రాక్షతోటల మధ్య ఒక చిన్న పరిశోధన కేంద్రంలో. వాన పడితే నీళ్ళు ఏ చెరువులోకి, ఎంత, ఎప్పటికి చేరతాయో కంప్యూటర్ల మీద లెక్కగట్టడం మా పని. ఖరీదైన పెద్ద యంత్రం కొనే తాహతు మాకు లేదు. అందుకని మామూలు కంప్యూటర్లు నాలుగు తెచ్చి, తీగలతో కలిపి, నేలను నాలుగు పట్టీలుగా కోసి, తలా ఒక పట్టీ పంచాము. తన హద్దు దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ప్రతి యంత్రం పక్కదానికి కబురు పెట్టాలి. నాలుగూ కలిసి చేస్తే, ఒక్కదానికి పొద్దున్నుంచి భోజనం వేళ దాకా పట్టే లెక్క పదకొండింటి టీ వేళకే అయిపోవాలి. ఆ కబుర్లు మోసే ప్రోగ్రాముల కట్టనే మా భాషలో లైబ్రరీ అంటారు.

కేంద్రం పెద్ద డాక్టర్ మూర్తి గారు. కోస్తా మనిషి, తిట్టినా 'అండీ' చేర్చి తిట్టేవారు. ఆయన కింద నేను, సలోమి. ఎదురుగా రేకుల షెడ్డులో ఖాజా భాయ్ టీ హోటల్. దాని గుమ్మం నా నుదుటి కంటే తక్కువ ఎత్తు. అందరూ వంగి లోపలికెళ్ళేవారు. మా వంశంలో వంగే ఆచారం లేదు కాబట్టి ఎండైనా వానైనా నేను బయటే నిలబడి తాగేవాణ్ణి.

"లోపటికి రాండి సాబ్, జర తల వంచితే ఏమైతది?" అనేవాడు ఖాజా భాయ్.

"ఇక్కడ బాగానే ఉంది."

"వానల నిలబడి చాయ్ తాగుతుంటే గిలాస ఖాళీ అయితలేదు సాబ్. నింపుడు నాదా, దేవునిదా?"

ఇక సలోమి. వాళ్ళది మంఖాల్ వెళ్ళే దారిలో చిన్న ద్రాక్షతోట. వాళ్ళ నాన్న చర్చిలో పెద్ద, ఆమె అదే చర్చిలో పాటగత్తె. పనిచేస్తూ సన్నగా ఏదో రాగం తీసేది. రాగం ఆగిందంటే ప్రోగ్రాములో తప్పు దొరికిందని అర్థం. మామూలుగా నన్ను 'సార్' అనేది. కోపం వస్తే 'దొరా' అనేది. ఆ పిలుపు కోసం నేను అప్పుడప్పుడు పనిగట్టుకుని తప్పులు చేసేవాణ్ణి. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఆమె ముందు నమస్కారం పెట్టేది, నేను తల ఊపేవాణ్ణి. ఆమె ముందు పలకరించేది, నేను 'ఊఁ' అనేవాణ్ణి. నా లోపల మాత్రం బ్యాండు మేళం, గుర్రపు బగ్గీ, తారాజువ్వలు. బయటికి వినిపించేది 'ఊఁ' ఒక్కటే.

ఆ ఏడాది ఎండాకాలం ముందు ఒక కబురొచ్చింది. ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నాలుగు యంత్రాలు కలిసి పనిచేస్తాయని వాళ్ళ కళ్ళెదుట చూపిస్తే కేంద్రం ఇక్కడే ఉంటుంది. లేకపోతే మూసేసి తలా ఒక ఊరికి పంపేస్తారు. మూర్తి గారు చెప్పి వెళ్ళాక సలోమి కిటికీలోంచి తోటల వైపు చూస్తూ, "గిది పోతే నన్ను పూణెకు తోలుతరట సార్," అంది.

"ఊఁ," అన్నాను. లోపల బగ్గీ బోల్తా పడింది.

అప్పుడు మొదలైంది కంపైలర్లతో కుస్తీ. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. మా దగ్గర పాతదొకటి, కొత్తదొకటి ఉండేవి. వాటికి పడదు. ఒకే పేరుకు పాతది చివర ఒక గీత తోకలా తగిలిస్తుంది, కొత్తది రెండు గీతలు తగిలిస్తుంది. పాతదాంతో కట్టిన లైబ్రరీలో ఒక తోక పేర్లు, కొత్తదాంతో మార్చిన ప్రోగ్రాములో రెండు తోకల పేర్లు. రెండూ కలిపితే తెర నిండా 'ఈ పేరు గలవారు ఎవరూ లేరు' అని వచ్చేది.

"ఎవరూ లేరట," అన్నాను ఒకరోజు, నన్నే అన్నట్టు బాధపడుతూ.

"తోక చూస్తుంది సార్, మనిషిని కాదు. మీ పేరు ఎనక రావు అని ఉంటదిగద, ఇంకొక రావు తగిలిస్తే మీ అమ్మ గూడ గుర్తుపట్టది," అంది సలోమి.

"జయసింహ రావు రావు," అని పైకి అనేశాను.

ఆమె కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. ఒక మనిషిని నవ్వించడం ఇంత తేలికని ఆ వయసు దాకా నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఆమె రాకముందే నేను పాత కంపైలర్‌తో ఒక లైబ్రరీ కట్టుకుని, నాలుగు యంత్రాలకూ అందేలా నా సొంత చోటులో పెట్టుకున్నాను. ఆ చోటుకు పేరు కావాలని కంప్యూటర్ అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా 'గడి' అని పెట్టాను. నేల మీద కూలినదాన్ని యంత్రంలో నిలబెట్టానన్న తృప్తి. రోజూ పొద్దున్నే అందులోకి ఒకసారి వెళ్ళి వచ్చేవాణ్ణి, పనేమీ లేకపోయినా.

సలోమి కొత్త కంపైలర్‌తో, వేరేవాళ్ళు తయారుచేసిన మంచి లైబ్రరీ తెచ్చి, అందరూ వాడుకునే ఉమ్మడి చోటులో కట్టింది. తోకలు తీసేస్తే పేర్లు మాత్రం రెండింటిలో ఒకటే. ప్రోగ్రామును నాలుగు యంత్రాల మీదికి తోలే ఆదేశం పేరు కూడా ఒకటే.

"సార్, ఇగ మీ గడి తీసేద్దామా?"

"కూల్చమంటున్నారా? ఒకటి కూలింది చాలదా మా ఇంట్లో?"

ఆమె నా ముఖం చూసింది. నవ్వలేదు. "కూల్చద్దు లెండి. దారిల ఎనకకు జరుపుదాం," అంది.

దారి అంటే ఇది. ఏదైనా ఆదేశం ఇస్తే, అది ఎక్కడుందో వెతకడానికి కంప్యూటర్ ఒక వరుసలో చోట్లన్నీ తిరుగుతుంది. ఆ వరుసకు మావాళ్ళు పెట్టిన పేరు పాత్. మొదట ఎక్కడ దొరికితే అక్కడిదే తీసుకుంటుంది, ఇక ముందుకు పోదు. సలోమి ఉమ్మడి చోటును మొదట పెట్టి, నా గడిని చివరికి జరిపింది. గడి మనసు నొప్పించకుండా, మెల్లగా, ముసలివాళ్ళ మంచం జరిపినట్టు.

శనివారం మధ్యాహ్నం. సోమవారం కమిటీ. ఆ వారం వాళ్ళ తోటలో కాయ కోత. సలోమి సంచీ భుజానికేసుకుని గుమ్మంలో ఆగింది.

"సార్, నేను పోతున్న. నాలుగు మిషన్లల్ల నడిచేటట్టు ఒక చిన్న పలకరింపు ప్రోగ్రాము రాసిపెట్టిన. ఒక్కపారి నడిపి చూడుండ్రి. సరిగ్గ వస్తేనే అసలు లెక్క తోలాలె."

"సరిగ్గా అంటే ఏం రావాలి?"

ఆమె చెప్పబోయి, ఎందుకో ఆగి, నవ్వింది. "చూస్తే మీకే అర్థమైతది."

ఈ మూడు మాటల వల్ల పాడైన జీవితాల లెక్క ఎవరైనా తీస్తే అందులో నా నంబరు మొదటిది. అగ్రతాంబూలం మరి.

ఆమె వెళ్ళాక పని మొదలుపెట్టబోయి, ఊరికే దారి వరుస చూశాను. ఉమ్మడి చోటు మొదట. ఆ తర్వాత ఎవరెవరివో చోట్లు. అన్నిటి కన్నా చివర, పెళ్ళిలో భోజనాలయ్యాక వచ్చిన దూరపు చుట్టంలా, గడి. ఎదుట సలోమి ఉన్నప్పుడు ఊరుకున్నాను గానీ ఒంటరిగా చూసేసరికి వెన్నెముక బిగుసుకుంది. మా తాతగారు గుర్తొచ్చారు, ఆయన మీసం గుర్తొచ్చింది. 'ఏం జరుగుతుంది, రెండింటిలో ఉన్నది ఒకే పేరే కదా' అనుకుని గడిని తీసి వరుసలో మొదట పెట్టాను. నాలుగు యంత్రాల మీదా. తాంబూలం అందుకున్నంత తృప్తిగా వెనక్కి వాలి, ఆమె పలకరింపు నడిపాను.

తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు వచ్చాయి.

నేను 0. మనం 1.
నేను 0. మనం 1.
నేను 0. మనం 1.
నేను 0. మనం 1.

చదివాను. మళ్ళీ చదివాను. నేను సున్నా. మనం ఒకటి.

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. మీకు ఇష్టమైన మనిషి గుమ్మంలో ఆగి, నవ్వి, చూస్తే మీకే అర్థమవుతుందని చెప్పి వెళ్ళాక ఆ మాటలు కనిపిస్తే మీరేమనుకుంటారు? నేను ఏమీ కాను, నువ్వూ నేనూ కలిస్తేనే ఒకటి. చర్చిలో పాటలు పాడే మనిషి ఇంతకంటే బాగా ఎలా రాస్తుంది? అదీ నాలుగుసార్లు!

నేను లేచి రోడ్డు దాటాను. దాటిన సంగతి నాకు గుర్తులేదు. ఖాజా భాయ్ చెప్పిన దాని ప్రకారం నేను గుమ్మం దగ్గర తల వంచి, లోపలికొచ్చి, బెంచీ మీద కూర్చున్నాను. హోటల్లో అందరూ టీ తాగడం మానేసి చూశారట.

"యా అల్లా! ఏమైంది సాబ్, ఎవరైన పోయిండ్రా?"

"లేదు. దొరికారు."

విషయం చెప్పాను. ఎవరితోనూ 'ఊఁ' తప్ప అననివాణ్ణి, మొత్తం చెప్పేశాను. కంప్యూటర్ గదిలో లైబ్రరీ ఉందంటే ఖాజా భాయ్‌కి నమ్మకం కలగలేదు.

"లైబ్రరీ అంటే పేపర్లు చదివే జాగ గద సాబ్? గా గదిల ఒక్క పేపర్ గూడ లేదు."

"అది వదిలెయ్యి భాయ్. ఆమె మాటల సంగతి చెప్పు."

"తను సున్నా అన్నది?"

"అంది."

"ఇద్దరు ఒకటి అన్నది?"

"మనం ఒకటి అంది. నాలుగు యంత్రాల మీద, నాలుగుసార్లు."

ఖాజా భాయ్ గడ్డం నిమిరాడు. "ఒక్కపారి అంటే నోరు జారిందనుకోవచ్చు. నాలుగుసార్లంటే పక్కా సాబ్. ఇగ మీరేం జవాబిస్తరు?"

"తొందరేముంది? కమిటీ పని కానీ. మర్యాదగా, సమయం చూసి చెబుతాను."

"గిదే మీతోని పరేషాన్ సాబ్. చాయ్ గూడ సల్లారినంకనే తాగుతరు."

సోమవారం పొద్దున సలోమి బుట్టెడు ద్రాక్షపళ్ళతో వచ్చింది. కోత కోసిన వేళ్ళ మీద మరకలున్నాయి. ఆ తర్వాత మా మధ్య జరిగిన సంభాషణ ఒక్క అక్షరం పోకుండా నాకు గుర్తుంది. మర్చిపోవాలని ఎంత ప్రయత్నించినా.

"నడిపిండ్రా సార్?"

"నడిపాను."

"సరిగ్గ వచ్చిందా?"

"అంతకన్నా సరిగ్గా ఇంకేం వస్తుంది?"

"నాలుగు మిషన్లల్ల?"

"నాలుగింటిలోనూ."

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "దేవునికి స్తోత్రం. రెండు దినాలసంది నాకు నిద్ర లేదు సార్, ఏమైతదో ఏమోనని."

"ఇక మీరు దిగులు పడకండి," అన్నాను, గొంతు సవరించుకుని. "నా వైపు నుంచి కూడా అదే."

"మీ వైపు నుంచి ఏంది?"

"సమయం వచ్చినప్పుడు చెబుతాను."

ఆమె నావైపు వింతగా చూసి బుట్ట బల్ల మీద పెట్టింది. పలకరింపు సరిగ్గా వచ్చిందన్న నా మాట మీద అసలు లెక్క సిద్ధం చేసింది. నేను చెప్పాను కదా, ఇక అనుమానం ఎందుకు?

కమిటీ వచ్చింది. దానికి పెద్ద ఒక తెల్ల జుట్టాయన, తెలుగు రాదు, మాట తక్కువ, గడియారం వైపు చూపు ఎక్కువ. సాయంత్రం బేగంపేటలో వాళ్ళ విమానం. మూర్తి గారు ఇంగ్లీషులో చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఒక్క యంత్రానికి భోజనం వేళ దాకా పట్టే లెక్కను ఇవి నాలుగూ కలిసి టీ వేళకే చేసేస్తాయన్నారు. లెక్క మొదలైంది. ఖాజా భాయ్ టీ పంపాడు.

టీ అయిపోయింది. ద్రాక్షపళ్ళు అయిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది, యంత్రాలు రొద పెడుతున్నాయి. నీళ్ళు మాత్రం చెరువు చేరలేదు.

"రావు గారూ," అన్నారు మూర్తి గారు, కమిటీకి నవ్వు చూపిస్తూ, నాకు మాత్రం వినపడేలా. "నాలుగింటినీ కట్టారు కదండీ?"

"కట్టానండి."

"మరి ఎడ్లు వెనక్కి లాగుతున్నాయేమండీ?"

భోజనం వేళ అయింది. లెక్క సగంలో ఉంది. ఒక్క యంత్రం ఒంటరిగా చేసినా ఈపాటికి అయిపోయేది. తెల్ల జుట్టాయన మెల్లగా ఏదో అడిగారు. నాలుగు కలిస్తే ఒక్కదానికన్నా నెమ్మదిగా నడిచే యంత్రాలను చూడటం తనకిదే మొదటిసారట, వీటిని కనిపెట్టింది ఎవరట. మూర్తి గారి చెమట కాలరు దాటింది.

సలోమి రాగం ఎప్పుడో ఆగిపోయింది. "జర ఆగుండ్రి," అని లెక్క ఆపేసి, అందరి ముందూ తన పలకరింపు నడిపింది.

నేను 0. మనం 1. నాలుగు వరుసలు.

"అయ్యో! గిది తప్పు!" అంది.

తప్పు! నేను లేచి నిలబడ్డాను. ఆ ఉదయం నుంచి లెక్క ఏమైపోతున్నా నాకు బెంగ లేదు, ఆ నాలుగు వరుసలే ధైర్యం. వాటిని నలుగురిలో తప్పంటుందా?

"తప్పేమిటి సలోమి గారూ? శనివారం మీరు నా కోసం రాసిపెట్టిందే కదా? మీ మనసులో మాట మీరే తప్పంటే ఎలా?"

ఫ్యాను సిగ్గుపడి నెమ్మదించినట్టనిపించింది. నిజానికి కరెంటు తగ్గింది.

"నా మనసుల మాటనా?" అంది సలోమి.

"మీరు సున్నా అన్నారు. మనం ఒకటన్నారు."

తెల్ల జుట్టాయన తెర వైపు చూపించి, ఇందులో ఏముందని మూర్తి గారిని అడిగారు. పాపం మూర్తి గారు. అబద్ధం ఆడలేని మనిషి. అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. కమిటీలో ఒకాయన దగ్గాడు, ఇంకొకాయన కిటికీ వైపు తిరిగాడు. తెల్ల జుట్టాయన మాత్రం గంభీరంగా తల పంకించి, కవిత్వం బాగుంది, నీళ్ళ లెక్క ఎక్కడుందని అడిగారు.

సలోమి చెంపలు తోటలో కాయలా ఎర్రబడ్డాయి. కానీ పని తెలిసిన మనిషి కదా, తెర మీది నుంచి కళ్ళు తియ్యలేదు. "ఒక్కొక్క మిషన్ తన నంబర్ చెప్పాలె సార్. మొత్తం మనం ఎంతమందిమో చెప్పాలె. నేను 0, మనం 4. నేను 1, మనం 4. గిట్ల రావాలె. ఇవి నాలుగు దేనికదే, నేనే మొదటోన్ని, నేనొక్కన్నే ఉన్న అనుకుంటున్నయ్. ఎవరూ ఎవరితోని మాట్లాడ్తలేరు. మొత్తం లెక్క నాలుగూ విడివిడిగ చేసుకుంటున్నయ్. చేసి ఒకదాని మీద ఒకటి రాస్తున్నయ్."

కంప్యూటర్లు సున్నా నుంచి లెక్కపెడతాయని నీకు తెలియదా అని మీరు అడగబోతున్నారు. తెలుసు. ఆ సంగతి మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. శనివారం మధ్యాహ్నం ఆ చదువంతా ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. ఆ తోలే ఆదేశం ఏ చోటు నుంచి వస్తోందని కంప్యూటర్‌ను అడిగింది. జవాబు చూసి మెల్లగా నావైపు తిరిగింది.

"గడిలకెల్లి వస్తుంది."

నేను ఫ్యాను వైపు చూశాను.

"దొరా. మీ గడిని ముందల పెట్టిండ్రా?"

ఆ పిలుపు కోసం ఎన్ని తప్పులు చేశానో చెప్పాను కదా. ఆ రోజు చాలా పెద్దది చేశాను.

ఆమె ప్రోగ్రాము కట్టింది ఉమ్మడి లైబ్రరీతో. దాన్ని నాలుగు యంత్రాల మీదికి తోలింది నా గడిలోని పాత ఆదేశం. ఒకరి భాష ఒకరికి రాదు. దాంతో ప్రతి యంత్రమూ చుట్టూ చూసి, ఎవరూ కనపడక, ఈ లోకంలో ఉన్నది నేనొక్కణ్ణే, నేనే అందరికన్నా ముందు అని తీర్మానించుకుంది. అచ్చం మా పెదనాన్నలూ నాన్నగారూ, నలుగురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉన్నట్టు.

ఆమె గడిని వెనక్కి జరిపింది. పలకరింపు నడిపింది. నేను 0, మనం 4. నేను 1, మనం 4. నేను 2, మనం 4. నేను 3, మనం 4. అసలు లెక్క తోలింది. ఖాజా భాయ్ రెండో విడత టీ పంపే వేళకు నీళ్ళు చెరువు చేరాయి.

చూడ్డానికి కమిటీ లేదు. వాళ్ళ కారు అప్పటికే బేగంపేట దారి పట్టింది. మూర్తి గారు ఖాళీ గ్లాసులు ఏరుతూ, "మీ కవిత్వం తగలెయ్యండీ," అన్నారు. ఆయన జీవితంలో అన్న అతి కఠినమైన మాట అదే.

కేంద్రం మూసేశారు. తాళం వేసిన రోజు సాయంత్రం సలోమీ నేనూ బెంగుళూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఆమెకు ఒకవైపు బస్సు, నాకు రెండో వైపు. తోటల మీంచి పచ్చి ఆకు వాసన వస్తోంది. ఇప్పుడు అక్కడ ఆ వాసన లేదు, అక్కడ ఆ తోటలే లేవు. కంచె ఉంది, కంచె వెనక రన్‌వే ఉంది.

ఆమే ముందు మాట్లాడింది. ఎప్పుడూ ఆమే ముందు.

"సార్, ఒక మాట. గా పలకరింపుల నేను ఫస్ట్ 'మేము' అని రాసిన. మిషన్లు వాటి లెక్క అవి చెప్పుకుంటయ్, మనతోని ఏం పని అనుకొని. మళ్ళ కొట్టేసి 'మనం' అని మార్చిన."

"ఎందుకు?" అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. దూరంగా బస్సు కనిపిస్తోంది. "చదివేటోల్లు గూడ లెక్కల ఉండాలె గదా," అంది. "చూస్తే మీకే అర్థమైతది అనుకున్న."

ఆ 'మేము'కూ ఆ 'మనం'కూ మధ్య ఎంత దూరముందో తెలుగు వచ్చిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. నా లోపల గుర్రాలు వెనక కాళ్ళ మీద లేచాయి. ఒక్క మాట అంటే చాలు. పూణె వద్దు అనొచ్చు. నేనూ వస్తాను అనొచ్చు. ఏమీ తోచకపోతే జయసింహ రావు రావు అన్నా ఆమె నవ్వేది.

నేను తల ఊపాను.

మా ఇంట్లో నేర్పింది అదే. ఎదుటివాళ్ళు చెప్పాలి, మనం తల ఊపాలి.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, నమస్కారం పెట్టింది. అది కూడా ఆమే ముందు.

ఆ తర్వాత పూణెలో ఆమెకు పెళ్ళయిందని, పిల్లలకు పాటలు నేర్పుతోందని ఖాజా భాయ్ చెప్పాడు. ఆయనకు ఎవరు చెప్పారో అడగలేదు. అడగాల్సినవి అడగకపోవడంలో అప్పటికి నాకు మంచి పేరుంది.

మొన్న ఏదో పని మీద ఢిల్లీ వెళ్ళి, తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగాను. విమానం నేలను తాకినప్పుడు కిటికీలోంచి చూశాను. సలోమి వాళ్ళ తోట సరిగ్గా ఎక్కడుండేదో గుర్తుపట్టాలని ప్రతిసారీ చూస్తాను, ప్రతిసారీ ఒక్కో చోట ఉన్నట్టనిపిస్తుంది. బయట క్యాబుల దగ్గర ఒక డ్రైవర్ నా సంచీ అందుకున్నాడు.

"ఎంతమంది సార్?"

"ఒక్కణ్ణే."

అతను నవ్వి తలుపు తీశాడు. "మరి నన్ను ఎటు పెట్టిండ్రు సార్? మనం ఇద్దరం గద!"

ఇంతకాలం నా లెక్కలో ఉన్న తప్పును ఇంత తేలిగ్గా దిద్దినవాడు ఇంకొకడు లేడు. తర్వాత తల వంచి, బాగా వంచి, అతని పక్క సీట్లో కూర్చున్నాను. దారంతా నేనే మాట్లాడాను. అతను 'ఊఁ' అన్నాడు.

కాబట్టి చదువరులారా, మా తాతగారి మీసం సాక్షిగా, హోటల్లో నిలబడి ఉన్న మా టేకు తలుపుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట నా గడిని ఏ దారిలోనూ ముందు పెట్టను. ఎవరైనా 'మనం' అంటే తల ఊపి ఊరుకోను. 'చూస్తే మీకే అర్థమవుతుంది' అంటే, నాకు అర్థం కాలేదు, దయచేసి నోరు తెరిచి చెప్పండి అని అక్కడికక్కడే అడుగుతాను. ముందు నేనే అడుగుతాను. ఆ ఒక్క విషయంలో అగ్రతాంబూలం నాదే.